గని ఊరు చేసిన గడియారం

జర్మనీ తూర్పున సాక్సనీ రాష్ట్రంలో, ఎర్జ్‌గెబిర్గె కొండల నడుమ, మ్యూగ్లిట్స్ నది లోయలో గ్లాస్‌హ్యూట్టె అనే చిన్న ఊరుంది. మన గోదావరిఖనిలాగే అదీ గనుల వల్ల పెరిగిన ఊరు. మనకు బొగ్గు, వాళ్లకు వెండి. 1506లో ఆ ఊరికి పట్టణ హోదా దక్కిందంటే అది గనుల చలవే. వెండి ఎల్లకాలం ఉండలేదు. 19వ శతాబ్దం నాటికి గనులు వట్టిపోయాయి. ఇరుకు లోయలో సేద్యానికి చోటు తక్కువ. జనం గడ్డిపోచలు అల్లి అమ్ముకుని పూట గడుపుకునేవాళ్లు. అలాంటి ఊరు రెండు తరాలు తిరక్కుండానే ప్రపంచంలోకెల్లా మేలైన జేబు గడియారాలు చేసే ఊరైంది.

ఈ వ్యాసం ఆ గడియారాల పనితనం గురించి, అవి చేసిన మేస్త్రీల గురించి. బాయి సైరన్‌ను బట్టి నిద్ర లేచి, షిఫ్టును బట్టి అన్నం తినే ఈ బొగ్గు ప్రాంతానికీ జర్మనీ గడియారాలకూ ఏం సంబంధమని అడగవచ్చు. జర్మనీ పనితనం మనకు కొత్తది కాదు. 1980లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం పాత ఎరువుల కర్మాగారంలో బొగ్గును గ్యాసుగా మార్చిన కాపర్స్-టోట్జెక్ పద్ధతి జర్మనీదే. అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో బొగ్గు కోసే యంత్రాలు, పైకప్పును మోసే సపోర్టులు జర్మనీలోని క్యాటర్‌పిల్లర్ విభాగం పంపినవే. ఇంతింత పెద్ద యంత్రాలను చూసి మెచ్చుకున్న మనం, అదే పనితనం అరచేతిలో ఇమిడే డబ్బీలోకి ఎలా ఒదిగిందో కూడా చూడాలి. ముఖ్యంగా, గనులు ఉడిగిపోయిన ఒక ఊరు ఆ పనిని ఎలా నేర్చుకుందో మనలాంటి వాళ్లే తెలుసుకోవాలి.

తాళాల మేస్త్రీ చేసిన మొదటి అడుగు

గడియారం గోడ దిగి మనిషి వెంట నడవడానికి కారణం స్ప్రింగు. బరువులు వేలాడదీస్తే నడిచే గోపురం గడియారాన్ని ఎవరూ జేబులో పెట్టుకోలేరు. చుట్టిన ఉక్కు పట్టీ మెల్లగా విప్పుకుంటూ చక్రాలను తిప్పగలదని తెలిశాకే చిన్న గడియారం సాధ్యమైంది.

ఈ పనిలో పేరు పడ్డ తొలితరం వాళ్లలో నురెంబర్గ్ నగరానికి చెందిన పీటర్ హెన్‌లైన్ ఒకడు. వృత్తిరీత్యా తాళాల మేస్త్రీ. ఇనుమును రంపంతో కోయడం, ఆకురాయితో పళ్లు దిద్దడం, స్ప్రింగుకు పదును పట్టడం తాళం చేసేవాడికి రోజూ ఉండే పనులే. గడియారానికి కావలసినవీ అవే. చిన్న ఇనుప ముక్కలతో అనేక చక్రాల గడియారాలు చేస్తాడనీ, వాటిని సంచీలో వేసుకుని తిరిగినా 40 గంటలు నడుస్తాయనీ యోహానెస్ కోక్లేయస్ అనే పండితుడు 1510ల ఆరంభంలో అతని గురించి రాశాడు. ఆనాటి గడియారాలకు ఒకటే ముల్లు. గంట తెలిస్తే చాలు, నిమిషం లెక్కలోకి రాదు. నిమిషాన్ని, ఆ తర్వాత సెకనును పట్టుకోవడానికి మరో రెండు మూడు వందల ఏళ్ల కృషి పట్టింది. అందులో ఎక్కువ భాగం ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ మేస్త్రీలది. జర్మనీ వెనకబడింది. ఆ వెనకబాటును సరిచేసినవాడు ఫెర్డినాండ్ అడాల్ఫ్ లాంగె.

పదిహేను మంది శిష్యులు

లాంగె 1815 ఫిబ్రవరి 18న డ్రెస్డెన్‌లో పుట్టాడు. తండ్రి తుపాకులు చేసే మేస్త్రీ. రాజాస్థాన గడియారాల మేస్త్రీ గుట్‌కేస్ దగ్గర పని నేర్చుకున్నాడు. డ్రెస్డెన్ ఒపేరా రంగస్థలం పైన ప్రేక్షకులందరికీ కనిపించేలా అంకెలతో సమయం చూపే గడియారం గుట్‌కేస్ చేసిందే. ఐదు నిమిషాలకోసారి అందులో అంకె మారుతుంది. గురువు దగ్గర నేర్చుకున్నది చాలదనుకుని లాంగె పారిస్ వెళ్లాడు. అక్కడ విన్నర్ల్ అనే పేరుమోసిన మేస్త్రీ దగ్గర పనిచేశాడు. స్విట్జర్లాండ్‌లో తిరిగాడు. వెళ్లిన చోటల్లా చూసిన యంత్రాలను, చక్రాల లెక్కలను చిన్న నోటు పుస్తకంలో బొమ్మలతో సహా రాసుకున్నాడు. తిరిగొచ్చి గురువు కూతురు ఆంటోనియాను పెళ్లాడాడు.

డ్రెస్డెన్‌లో సుఖంగా స్థిరపడగలిగిన మనిషి కొండల్లోని పేద ఊరికి ఎందుకు వెళ్లాడన్నదే ఈ కథలో అసలు విషయం. గనులు మూతబడ్డ ఎర్జ్‌గెబిర్గె జనానికి బతుకుతెరువు చూపడానికి సాక్సనీ ప్రభుత్వం దారులు వెతుకుతోంది. అక్కడి యువకులకు గడియారాల పని నేర్పుతాననీ, పెట్టుబడి అప్పుగా ఇస్తే చాలనీ లాంగె ప్రభుత్వ సలహాదారు వాన్ వైసెన్‌బాఖ్‌కు వరసగా లేఖలు రాశాడు. చివరికి ఒప్పందం కుదిరింది. శిక్షణకు, పనిముట్లకు కలిపి 7,820 థాలర్ల అప్పు. బదులుగా 15 మంది శిష్యులకు పని నేర్పాలి. 1845 డిసెంబర్ 7న గ్లాస్‌హ్యూట్టెలో కార్ఖానా మొదలైంది.

ఆ శిష్యుల్లో తరతరాల గడియారాల వంశం నుంచి వచ్చినవాళ్లు లేరు. గడ్డి అల్లినవాళ్లు, ఆ ఇళ్ల పిల్లలు. వాళ్లకు పని నేర్పడానికి లాంగె మూడు పద్ధతులు తెచ్చాడు. మొదటిది కొలత. అప్పటి మేస్త్రీలు పారిస్ ‘లిన్యె’లో కొలిచేవాళ్లు. ఒక లిన్యె సుమారు 2.26 మిల్లీమీటర్లు. దాన్ని మళ్లీ 12 భాగాలు చేసి లెక్కపెట్టేవాళ్లు. ఒకరి కొలతకు మరొకరి కొలత కలిసేది కాదు. లాంగె ఆ గొడవంతా పక్కనపెట్టి మిల్లీమీటరును, దానిలో పదోవంతును ప్రమాణంగా పెట్టాడు. పదోవంతు చూపే కొలబద్దను ప్రతి పనివాడి చేతికీ ఇచ్చాడు. రెండోది యంత్రం. విల్లును చేత్తో లాగుతూ తిప్పే పాత తిరుగుడు బద్ద స్థానంలో కాలితో తొక్కితే తిరిగే చక్రపు లేతును పెట్టాడు. రెండు చేతులూ పనికి మిగిలాయి. మూడోది పని విభజన. గడియారం మొత్తం ఒక్కడే చేయాలంటే నేర్చుకోవడానికే సగం జీవితం పోతుంది. ఒకడికి స్క్రూలు, ఒకడికి చక్రాలు, ఒకడికి ముళ్లు, ఒకడికి స్ప్రింగు డబ్బాలు అప్పగించాడు. పని పట్టుబడ్డాక శిష్యులు సొంతంగా కార్ఖానాలు పెట్టుకుని తమ భాగాన్ని తామే చేసి ఇచ్చేలా ప్రోత్సహించాడు. ఊరు ఊరంతా ఒకే గడియారానికి భాగాలు చేసే కార్ఖానాగా మారింది.

లాంగెకు తోడుగా బావమరిది వరస అయిన అడాల్ఫ్ ష్నైడర్, తర్వాత యూలియుస్ అస్మాన్, మోరిట్జ్ గ్రాస్‌మాన్ అక్కడే స్థిరపడి సొంత గడియారాలు చేశారు. లాంగె 18 ఏళ్లు ఆ ఊరికి మేయరుగా పనిచేశాడు. 1875 డిసెంబర్ 3న కన్నుమూశాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1895లో, ఊరివాళ్లు ఆయనకు స్మారకం కట్టారు.

మూత తీస్తే

గ్లాస్‌హ్యూట్టె జేబు గడియారం ముందునుంచి చూస్తే ఆడంబరం కనిపించదు. తెల్లటి ఎనామిల్ డయలు, నల్లటి అంకెలు, సన్నటి ముళ్లు, ఆరు అంకె దగ్గర సెకన్లకు చిన్న వలయం. అంతే. అసలు పనంతా వెనక ఉంది. వెనక మూత తీస్తే లోపల మరో మూత. అదీ తీసినప్పుడు కనిపించేది చూడటానికి కంటద్దం కావాలి.

మొట్టమొదట కళ్లకు కనబడేది యంత్రంలో మూడొంతులకు పైగా కప్పేసిన ఒకే పెద్ద ప్లేటు. దాన్నే ముప్పాతిక ప్లేటు అంటారు. స్విస్ గడియారాల్లో ఒక్కో చక్రాన్ని పైనుంచి పట్టుకోవడానికి ఒక్కో చిన్న వంతెన ఉంటుంది. ఒక చక్రం తీయాలంటే దాని వంతెన ఒక్కటి విప్పితే చాలు. మెకానిక్‌కు సులువు. లాంగె ఆ సులువును వదులుకున్నాడు. వేర్వేరు వంతెనలు ఉంటే వాటి మధ్య ఎంతో కొంత తేడా వస్తుంది. చక్రాల ఇరుసులు నిటారుగా నిలవాలంటే పైనా కిందా రెండు దృఢమైన ప్లేట్లు ఉండాలన్నది ఆయన పట్టు. ఏళ్ల తరబడి దిద్దుకుంటూ వచ్చి 1864లో ఈ రూపానికి చేరాడు. అటూ ఇటూ ఊగుతూ నడకను క్రమపరిచే బ్యాలెన్స్ చక్రం తప్ప దాదాపు మిగిలిన చక్రాలన్నీ ఆ ప్లేటు కిందే ఉంటాయి.

దీన్ని బిగించే పని ఎంత కష్టమో ఒక్కసారి ఊహించండి. చక్రాలన్నీ కింది ప్లేటులో నిలబెట్టాలి. ఒక్కో ఇరుసు కొన మిల్లీమీటరులో చిన్న వంతు. పై ప్లేటును దించుతూ ఆ కొనలన్నిటినీ వాటి వాటి రంధ్రాల్లోకి ఒకేసారి పోనివ్వాలి. ఒకటి కుదిరేలోపు మరొకటి తప్పుకుంటుంది. తొందరపడి నొక్కితే ఇరుసు విరుగుతుంది. వేళ్లతో కొద్దిగా, పట్కారుతో కొద్దిగా, ఊపిరి బిగబట్టి సర్దుతూ పోవాలి. ప్లేటు తనంతట తాను కూర్చున్నప్పుడే స్క్రూ ముట్టుకోవాలి.

పాత గడియారాల్లో ఈ ప్లేటుకు గరుకు మెరుపుతో బంగారు పూత ఉంటుంది. ఈనాటి గ్లాస్‌హ్యూట్టె కార్ఖానాల్లో పూత లేని జర్మన్ సిల్వర్ వాడకం ఎక్కువ. మన ఇళ్లలో పూజ సామాన్లుగా చూసే జర్మన్ సిల్వర్ అదే. రాగి, నికెల్, జింకు కలిసిన లోహం, వెండి నలుసంత కూడా ఉండదు. పూత లేదు కాబట్టి చెయ్యి తగిలితే మచ్చ పడుతుంది, గీత పడితే దాచలేరు. ఏళ్లు గడిచేకొద్దీ దానంతట అదే లేత పసుపు ఛాయ తిరుగుతుంది.

కెంపులు, నీలి స్క్రూలు

ఆ ప్లేటులో అక్కడక్కడ బంగారు ఉంగరాలు పొదిగి కనిపిస్తాయి. ఒక్కో ఉంగరం నడుమ ఎర్రటి కెంపు. కెంపుకు సన్నటి రంధ్రం, అందులో తిరిగే ఇరుసు కొన. మన పాత హెచ్‌ఎంటీ డయలు మీద ‘17 జువెల్స్’ అని రాసి ఉండేది ఈ రాళ్ల గురించే. ఉక్కు ఇరుసు ఇత్తడిలో తిరిగితే రంధ్రం అరుగుతుంది. కెంపులో తిరిగితే తరాలు గడిచినా అరుగుదల అతి స్వల్పం, నూనె కూడా నిలుస్తుంది.

ఉంగరం బంగారంతో ఎందుకు? అలంకారం కోసమని అనుకుంటాం. రాయి పెళుసు, బంగారం మెత్తన. పెళుసు రాయిని మెత్తటి లోహం అంచున పొదిగితే రాయి పగలకుండా కూర్చుంటుంది. ఆ ఉంగరాన్ని ప్లేటుకు చిన్న చిన్న స్క్రూలతో బిగిస్తారు. ఎప్పుడైనా రాయి పగిలితే ప్లేటును ముట్టుకోకుండా ఉంగరం ఒక్కటి మార్చుకోవచ్చు. 1902 తర్వాత ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నాయ్ పద్ధతిలో కృత్రిమ కెంపులు చవగ్గా రావడంతో, యంత్రంతో రాయిని నేరుగా ప్లేటులోకి నొక్కేయడం మొదలైంది. బంగారు ఉంగరం అవసరం తీరింది. గ్లాస్‌హ్యూట్టె మేలురకం గడియారాల్లో మాత్రం ఇప్పటికీ ఉంగరాలు కొనసాగుతున్నాయి.

ఉంగరం చుట్టూ ఉన్న స్క్రూల తలలు ముదురు నీలం. అది రంగు కాదు, ఉక్కును కాల్చితే వచ్చిన ఛాయ. స్క్రూ తలను అద్దంలా మెరుగు పెట్టి, వేలిముద్ర జిడ్డు కూడా లేకుండా తుడిచి, ఇత్తడి పళ్లెంలో పెట్టి కింద దీపం పెడతారు. ఉక్కు మీద ముందు గడ్డి పసుపు వస్తుంది. తర్వాత గోధుమ, తర్వాత వంగపండు ఛాయ. సుమారు 290 డిగ్రీల సెల్సియస్ దాటాక నీలం విచ్చుకుంటుంది. సరిగ్గా అప్పుడు తీసేయాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే నీలం వెలిసి బూడిద రంగులోకి జారుతుంది, మళ్లీ మొదటి నుంచి మెరుగు పెట్టాలి. గడియారంలోని నీలి స్క్రూలన్నీ ఒకే ఛాయలో ఉన్నాయంటే ఒక మనిషి వాటి పక్కన కళ్లార్పకుండా కూర్చున్నాడని అర్థం. ఉలిని కాల్చి పదును పట్టే మన కమ్మరులకూ ఈ రంగుల వరస బాగా తెలుసు. పసుపు దాటనిచ్చారా, నీలం దాకా పోనిచ్చారా అన్నదాన్ని బట్టే ఉలి పెళుసో, గట్టో తేలుతుంది.

నీలి స్క్రూల నడుమ బ్యాలెన్స్ చక్రాన్ని పైనుంచి పట్టుకున్న చిన్న తొడుగు ఒకటి ఉంటుంది. దాని మీద తీగలు, పూలు చేత్తో చెక్కుతారు. వేలిగోరంత జాగాలో నగిషీ. ఉలి పట్టిన కోణాన్ని బట్టి, రేక ఒంపును బట్టి ఇది ఏ చేతి పనో సాటి మేస్త్రీలు చెప్పగలరు. ఒకరి పూవు మరొకరికి రాదు. అచ్చు పోసినట్టు కొలతల ప్రకారం నడిచే యంత్రంలో మనిషి చేతికి స్వేచ్ఛ ఇచ్చిన చోటు ఇదొక్కటే.

సెకనుకు ఐదుసార్లు

గడియారానికి ప్రాణం బ్యాలెన్స్ చక్రం. కీ ఇచ్చినప్పుడు డబ్బాలోని స్ప్రింగు బిగుసుకుంటుంది. ఆ బలం చక్రం నుంచి చక్రానికి చేరుతూ ఆఖరి పళ్ల చక్రం దగ్గరికి వస్తుంది. అక్కడ లంగరు ఆకారంలో ఉన్న చిన్న మీట దాన్ని ఆపుతుంది, వదులుతుంది, మళ్లీ ఆపుతుంది. ప్రతిసారీ చక్రం కొద్దిగా కదులుతుంది, ప్రతిసారీ బ్యాలెన్స్‌కు చిన్న తోపు అందుతుంది. మనకు వినిపించే టిక్కు టిక్కు ఆ పన్ను మీటకు తగిలిన చప్పుడు. సాధారణంగా గంటకు 18,000 సార్లు, అంటే సెకనుకు ఐదు, రోజుకు 4,32,000.

లాంగె కార్ఖానాలో ‘1ఎ’ అని పిలిచే మేలురకంలో ఆ మీటను, ఆఖరి పళ్ల చక్రాన్ని గట్టిపరచిన బంగారంతో చేసేవాళ్లు. బంగారం తుప్పు పట్టదు, అయస్కాంతానికి లొంగదు. ఆ రెండు భాగాలూ గడియారం యజమానికి జీవితంలో ఒక్కసారి కూడా కనబడకపోవచ్చు.

బ్యాలెన్స్‌కు శత్రువు ఎండ. వేడికి, బ్యాలెన్స్‌ను అటూ ఇటూ ఊపే సన్నటి ఉక్కు హెయిర్ స్ప్రింగ్ బలం తగ్గుతుంది, గడియారం వెనకబడుతుంది. సాదా ఇత్తడి బ్యాలెన్స్, ఉక్కు హెయిర్ స్ప్రింగ్ ఉన్న గడియారం ఒక్క డిగ్రీ తేడాకు రోజుకు సుమారు 11 సెకన్లు తప్పుతుంది. మన రామగుండం లెక్క వేసుకుందాం. మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు, డిసెంబర్ తెల్లవారుజామున 15 డిగ్రీలు. 30 డిగ్రీల తేడాకు రోజుకు 330 సెకన్లు, అంటే ఐదున్నర నిమిషాలు. ఎండాకాలంలో ఇంతగా వెనకబడే గడియారాన్ని నమ్ముకుంటే ఏ షిఫ్టూ అందదు.

దీనికి మేస్త్రీలు కనిపెట్టిన ఉపాయం చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. బ్యాలెన్స్ అంచును రెండు లోహాలతో చేస్తారు. లోపల ఉక్కు, బయట దానికి కరిగించి అతికిన ఇత్తడి. అంచును రెండు చోట్ల కోసి కొనలను స్వేచ్ఛగా వదిలేస్తారు. వేడికి ఇత్తడి ఉక్కుకంటే ఎక్కువ సాగుతుంది కాబట్టి ఆ కొనలు లోపలికి వంగుతాయి. బరువు నడిమికి దగ్గరైతే చక్రం వేగంగా ఊగుతుంది. స్ప్రింగు ఎంత బలహీనపడిందో చక్రం అంత వేగం పుంజుకుంటుంది. ఏ కరెంటూ లేకుండా, ఎవరూ ముట్టుకోకుండా, ఎండ చేసిన తప్పును ఎండతోనే దిద్దించారు. ఇక మిగిలింది సూక్ష్మంగా సరిచేయడం. అంచు చుట్టూ చిన్న చిన్న బంగారు స్క్రూలు ఉంటాయి. గడియారాన్ని ఒకసారి వేడి పెట్టెలో, ఒకసారి మంచు పెట్టెలో పెట్టి చూస్తారు. తేడాను బట్టి స్క్రూను ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి మారుస్తారు. తర్వాత డయలు పైకి, కిందికి, నిలువుగా, పక్కవాటంగా పెట్టి మళ్లీ చూస్తారు. పగలు జేబులో నిలబడి, రాత్రి బల్ల మీద పడుకునే వస్తువు రెండు చోట్లా ఒకేలా నడవాలి. ఒక్క మేలురకం గడియారాన్ని ఇలా దిద్దడానికి వారాలు పట్టేది.

హెయిర్ స్ప్రింగ్ ఆఖరి చుట్టు పైకి లేచి లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపు ఎలా ఉండాలో గణితంతో తేల్చింది ఎదువార్ ఫిలిప్స్ అనే ఫ్రెంచి మేధావి, 1861లో. ఆయన వృత్తిరీత్యా గనుల ఇంజినీరు. గని పనికీ గడియారానికీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని నాకు తెలిసిన రోజు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇదంతా బొమ్మల్లో చదవడం వేరు, కళ్లారా చూడటం వేరు. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో ఒక పెద్దాయన చిన్న బల్ల, కంటద్దం, పట్కార్లతో పాత కీ వాచీలు బాగుచేస్తారు. ఆయన హెచ్‌ఎంటీ వాచీ ఒకటి విప్పి కంటద్దం నా చేతికిచ్చారు. వంగి చూస్తుంటే, “ఊపిరి పక్కకు వదులుండ్రి సార్, హెయిర్ స్ప్రింగ్ మీద తడి పడితే తుప్పు వట్టుతది” అన్నారు. తలవెంట్రుకంత సన్నటి ఆ స్ప్రింగు ముడుచుకుంటూ విప్పుకుంటూ కదులుతోంది. మామూలు జనం కోసం వేలల్లో తయారైన వాచీలోనే అంత అందం ఉంటే, ఒక్కటొక్కటిగా చేత్తో దిద్దిన గడియారం ఎలా ఉంటుందో అప్పుడు అర్థమైంది.

కనబడని చోట ఎందుకింత పని?

మూత కింద ఉన్నదాన్ని అద్దంలా మెరుగు పెట్టడం ఎందుకు? కొంతవరకు పని కోసమే. నునుపైన ఇరుసు తక్కువ రాపిడితో తిరుగుతుంది, మెరుగు పెట్టిన ఉక్కుకు తుప్పు త్వరగా పట్టదు. కానీ అక్కడితో ఆగలేదు వాళ్లు. స్క్రూ తలలోని గాడి అంచును కూడా ఏటవాలుగా చెక్కి మెరుగు పెట్టారు. ప్లేటు అడుగున, మరో చక్రం కప్పేసే చోట కూడా వలయాలుగా నగిషీ దిద్దారు. అది చూసేది మరో మేస్త్రీ ఒక్కడే, ఏ ఇరవై ఏళ్లకో గడియారం బాగుచేతకు విప్పినప్పుడు. పాత జేబు గడియారాల మూతల లోపల సన్నటి గీతలతో అంకెలు, తేదీలు కనిపిస్తుంటాయి. బాగుచేసిన మేస్త్రీలు తమ గుర్తుకు గీసుకున్నవి. ఇలా ఒక తరం పనిని తర్వాతి తరం విప్పి చూసింది. తర్వాతివాడు చూస్తాడన్న ఎరుకే వాళ్ల చేత అంత పని చేయించింది.

ఆ తర్వాతివాడిని తయారుచేసే బాధ్యత నెత్తికెత్తుకున్నవాడు మోరిట్జ్ గ్రాస్‌మాన్. మంచి మేస్త్రీ, అంతకంటే మంచి ఉపాధ్యాయుడు. గడియారం మీట లెక్కల మీద ఆయన రాసిన గ్రంథానికి బ్రిటిష్ గడియారాల సంస్థ బహుమతి ఇచ్చింది. 1878 మే 1న ఆయన చొరవతో గ్లాస్‌హ్యూట్టెలో జర్మన్ గడియారాల పాఠశాల తెరుచుకుంది. అక్కడి ఉపాధ్యాయుడు ఆల్ఫ్రెడ్ హెల్విగ్ 1920లో, పైన ఏ ఆధారమూ లేకుండా ఒక్క కింది ఇరుసు మీదే తిరిగే టూర్బియోను రూపొందించాడు. బ్యాలెన్స్‌ను, మీటను ఒక చిన్న పంజరంలో పెట్టి ఆ పంజరాన్నే నిరంతరం తిప్పే అమరిక అది. తరగతి గదిలో పుట్టిన ఆ నమూనాను ఇవాళ ప్రపంచంలోని పెద్ద పెద్ద కంపెనీలు వాడుకుంటున్నాయి.

జర్మనీ గడియారమంటే ఖరీదైనదే అనుకోవద్దు. బ్లాక్ ఫారెస్ట్‌లోని ష్రాంబెర్గ్‌లో 1861లో మొదలైన యుంగాన్స్ కంపెనీ 1903 నాటికి 3,000 మంది కార్మికులతో ప్రపంచంలోనే పెద్ద గడియారాల కర్మాగారమైంది. గ్లాస్‌హ్యూట్టె గడియారం చక్రవర్తులు కానుకగా ఇచ్చుకునే వస్తువు. 1898లో జర్మన్ చక్రవర్తి రెండో విల్హెల్మ్ టర్కీ సుల్తానుకు లాంగె గడియారమే ఇచ్చాడు. యుంగాన్స్ వంటి కంపెనీల వల్ల సమయం మామూలు కార్మికుడి జేబులోకీ వచ్చింది. రెండూ గొప్పవే.

కూలినా పోని పని

1945 మే 8, యూరప్‌లో యుద్ధం ముగిసిన రోజు. ఆ రోజే సోవియట్ విమానాల బాంబులు గ్లాస్‌హ్యూట్టె మీద పడ్డాయి, లాంగె కార్ఖానా దెబ్బతిన్నది. మిగిలిన యంత్రాలను యుద్ధ పరిహారంగా విప్పుకుపోయారు. 1948లో ప్రభుత్వం కంపెనీని స్వాధీనం చేసుకుంది. 1951లో ఊళ్లోని కార్ఖానాలన్నీ ఒకే ప్రభుత్వ సంస్థగా కలిసిపోయాయి. లాంగె పేరు డయలు మీద నుంచి పోయింది. కానీ పని ఆగలేదు. ఆ ప్రభుత్వ సంస్థలో వేలమంది గడియారాలు చేస్తూనే ఉన్నారు. అందుకే తూర్పు, పశ్చిమ జర్మనీలు కలిశాక, లాంగె మునిమనవడు వాల్టర్ లాంగె 1990 డిసెంబర్ 7న, అంటే ముత్తాత మొదలుపెట్టి సరిగ్గా 145 ఏళ్లకు, కంపెనీని తిరిగి నమోదు చేసినప్పుడు పని తెలిసిన చేతులు ఊళ్లోనే దొరికాయి. 1994లో కొత్త గడియారాలు బయటికొచ్చాయి. 2008లో పాత పాఠశాల భవనంలో గడియారాల మ్యూజియం తెరుచుకుంది.

ఆ ఊరి చేతుల శక్తికి ఒక ఉదాహరణ చాలు. 1902లో లాంగె కార్ఖానా వియన్నాలోని ఒక కొనుగోలుదారుకు అమ్మిన 42500 నంబరు జేబు గడియారంలో 833 భాగాలు. అది గంటలు కొడుతుంది, నెలల రోజుల లెక్క, లీపు సంవత్సరం తానే చూసుకుంటుంది, సెకనులో భాగాలను కూడా కొలుస్తుంది. దాదాపు వందేళ్ల తర్వాత తుప్పుపట్టి, కదలిక లేని స్థితిలో ఊరికి తిరిగొచ్చింది. మేస్త్రీ ఏళ్ల తరబడి కూర్చుని తుప్పు తీసి, పోయిన భాగాలను కొత్తగా చేసి, దాన్ని మళ్లీ నడిపించాడు.

మన దగ్గర

తెలుగు నేలకు గడియారాలు కొత్తకాదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, జర్మనీ, హాలండ్ గడియారాలున్నాయి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరణ అది. 1951లో మ్యూజియంగా తెరిచారు. వెళ్లినవాళ్లంతా గంట కొట్టే బొమ్మ కోసం సంగీత గడియారం ముందే గుమిగూడతారు. ఈసారి వెళ్తే ఆ గుంపులోంచి బయటికొచ్చి, యంత్రం బయటికి కనిపించే గడియారాల ముందు పది నిమిషాలు నిలబడండి. చక్రాల పళ్లు చూడండి, స్క్రూ తలలు చూడండి. 1980ల్లో హైదరాబాద్ ఆల్విన్ జపాన్ సీకో సహకారంతో మన దగ్గరే వాచీలు చేసింది. ఆ వాచీలు ఇప్పటికీ ఎన్నో ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి.

సింగరేణిలో తవ్వకం 1889లో ఇల్లెందులో మొదలైంది, 1960ల నాటికి గోదావరిఖనికి వచ్చింది. ఇప్పుడు ఇక్కడ భూగర్భ గనులు తగ్గుతున్నాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. బొగ్గు ఏదో ఒకనాడు అయిపోయేదే. గ్లాస్‌హ్యూట్టె మనకు చెప్పేది ఒకటే: భూమిలోంచి తీసింది అయిపోతుంది, చేతికి నేర్పింది మిగులుతుంది. ఆ ఊరిని నిలబెట్టింది 15 మందికి ఓపికగా పని నేర్పిన గురువు, పదోవంతు మిల్లీమీటరు కూడా లెక్కే అన్న పట్టుదల, పెట్టుబడి పెట్టిన ప్రభుత్వం. మన వర్క్‌షాపుల్లో ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఉన్నారు. ఐటీఐల్లో వేలమంది పిల్లలు ఆకురాయి పట్టడం నేర్చుకుంటున్నారు. వాళ్లు గడియారాలే చేయాలని కాదు. చేసేది ఏదైనా కొలత తప్పకుండా, కనబడని వైపు కూడా శుభ్రంగా చేయడం వాళ్లకు నేర్పాలి. రిటైరయ్యే ఫిట్టర్లకు శాలువా కప్పి పంపేసే ముందు, వాళ్ల దగ్గర ఏడాదిపాటు పదిమంది కుర్రాళ్లను కూర్చోబెట్టే ఏర్పాటు సంస్థలు, ప్రభుత్వం చేయాలి.

మీ ఇంట్లో తాత వాడిన కీ వాచీ ఉంటే పారేయకండి. మీ ఊళ్లో మిగిలిన పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి బాగుచేయించండి. వెంట మీ పిల్లలను తీసుకెళ్లి, ఆయన అనుమతి అడిగి, కంటద్దంలోంచి ఒకసారి చూపించండి.